తాబేటి పిల్లలకు ఇల్లు కట్టిన ముచ్చట

(హనుమకొండలో ఒక ఆదివారం సాయంత్రం పిల్లలు, తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నేను ముప్పై ఏళ్లు ఐటీఐ పిల్లలకు వడ్రంగం నేర్పిన మనిషిని. తలుపులు, కిటికీలు, మంచాలు, దేవుడి గూళ్లు ఎన్ని చేశానో లెక్కలేదు. అన్నీ పాసయ్యాయి. నన్ను ఫెయిల్ చేసినవి రెండు తాబేటి పిల్లలు. ఇవాళ ఆ ముచ్చటే చెప్పమన్నారు.

పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు. ఆరు నెలలకని పోతాం, రెండు వారాలు దాటితే ఏం తోచదు. నేను మిస్సోరి రాష్ట్రంలో మా కొడుకు దగ్గరికి పోయింది అక్టోబరు నెలలో. పక్కింటాయన తన పెరట్లో ఏళ్ల తరబడి బాక్స్ తాబేళ్లను పెంచుతున్నాడు. ఆ ఏడు పుట్టిన పిల్లల్లో రెండింటిని మా మనుమరాలికి ఊరికే ఇచ్చాడు. ఊరికే అని నొక్కి చెప్పడానికి కారణముంది. డిప్ప నాలుగు అంగుళాలకన్నా చిన్నగా ఉన్న తాబేలును పెంపుడు జంతువుగా అమ్మడం ఆ దేశంలో 1975 నుంచి నిషేధం. తాబేళ్ల ఒంటి మీద సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. పసిపిల్లలు చిన్న తాబేళ్లను ముద్దు పెట్టుకుని, నోట్లో పెట్టుకుని జబ్బు పడుతున్నారని ఆ చట్టం తెచ్చారు. అందుకే మా ఇంట్లో మొదటి రూలు: తాబేలును గానీ దాని నీళ్ల పళ్లేన్ని గానీ ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడగాలి, ఆ పళ్లెం వంటింటి సింకులోకి రాకూడదు. రెండో రూలు మా కోడలు పెట్టింది, అది నాకు: లివింగ్ రూములో రంపపు పొట్టు కనపడకూడదు.

మావి మూడు వేళ్ల బాక్స్ తాబేళ్లు. వెనక కాళ్లకు ఎక్కువగా మూడేసి వేళ్లే ఉంటాయి కాబట్టి ఆ పేరు. 2007 నుంచి మిస్సోరికి అది రాష్ట్ర సరీసృపం, మనకు పాలపిట్ట ఉన్నట్టు. ఇక బాక్స్ అనే మాట ఎందుకంటే, దీని కింది డిప్పకు అడ్డంగా ఒక కబ్జా ఉంటుంది. భూమి కబ్జా కాదు బిడ్డా, తలుపు కబ్జా! కుక్క వచ్చినా, నక్క వచ్చినా తల, కాళ్లు లోపలికి లాక్కుని, ఆ కబ్జా మీద డిప్పను పైకి మడిచి డబ్బా మూత పెట్టినట్టు మూసేసుకుంటుంది.

కానీ అది పెద్దవాటి సంగతి. రూపాయి బిళ్లంత పిల్లకు ఆ కబ్జా ఉన్నా పనిచెయ్యదు. అది మడత పడటానికి కొన్నేళ్లు పడుతుంది. అంటే తలుపు బిగించని ఇంట్లో కాపురం. మరి ఎలా బతుకుతుంది? దాక్కుని బతుకుతుంది. రాలిన ఆకుల కింద, తడి మట్టిలో, ఎవరి కంటా పడకుండా. ఈ ఒక్క మాట ముందే తెలిసి ఉంటే నాకు నెల రోజుల పని తప్పేది.

తెలియక నేను చేసింది షోకేసు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, మంచి ప్లైవుడ్, చుట్టూ బీడింగ్, ముందర అద్దం, పైన లైట్లు. బంధువులు ఫోన్లో చూసి మెచ్చుకున్నారు. తాబేళ్లు మెచ్చుకోలేదు. అద్దం అంటే గోడ అని వాటికి అర్థం కాదు. అవతల కనపడుతోంది కాబట్టి పోవచ్చనుకుంటాయి. పొద్దస్తమానం అద్దాన్ని గోకడమే పని. పైగా అక్కడ చలికాలంలో ఇల్లంతా హీటర్లు నడుస్తాయి, గాలిలో తడి చుక్క ఉండదు. పది రోజులకు వాటి కళ్లు లోపలికి పోయాయి, తిండి మానేశాయి. ఇంట్లో అందరికీ టెన్షన్. డాక్టరమ్మ చూసి, ఒంట్లో నీరు తగ్గిందని చెప్పింది. గోరువెచ్చని నీళ్లు గడ్డం దాకా వచ్చేటట్టు పోసి, పక్కనే ఉండి రోజూ కాసేపు కూర్చోబెట్టమంది.

ఇంటికి వచ్చి అద్దం ఊడదీశాను. ఆ చోట చెక్క పలకే బిగించాను. గోడలు పదహారు అంగుళాలు పెట్టాను. ఇవి పైకి ఎక్కుతాయి, ముఖ్యంగా మూలల్లో. అందుకని నాలుగు మూలల పైనా అడ్డంగా చిన్న పలకలు కొట్టాను. లోపలివైపు నీళ్లతో కలిపే వార్నిష్ మూడు చేతులు వేసి, వాసన పూర్తిగా పోయేదాకా రెండు వారాలు ఆరబెట్టాను. ఆ రెండు వారాలూ పిల్లలు ప్లాస్టిక్ డబ్బాలో ఉన్నాయి, సుఖంగానే ఉన్నాయి, అది వేరే అవమానం. అడుగున మందపాటి పాలిథిన్ షీటు పరిచి గోడల మీదికి ఆరంగుళాలు మడిచాను. లేకపోతే తడికి ఏడాదిలో ప్లైవుడ్ పొరలు విడిపోతుంది. పైన వైరు మెష్ మూత.

ఇప్పుడు అసలు సంగతి, మట్టి. నర్సరీలో కోకోపీట్ అంటారే, ఆ కొబ్బరి పొట్టు, మందులు కలపని తోట మట్టి, రెండూ కలిపి నాలుగంగుళాల మందాన పోశాను. దేవదారు పొట్టు, పైన్ పొట్టు వెయ్యకూడదు, వాటి నూనెల ఘాటు ఈ జీవులకు పడదు. రంపపు పొట్టు ఊరికే దొరికే వడ్రంగికి ఈ మాట మింగుడు పడదు గానీ నిజం. తడి ఎంత ఉండాలి? మన రైతు విత్తనం వెయ్యడానికి పదును చూస్తాడు కదా, అంతే. గుప్పెట్లో పిసికితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు. గాలిలో తేమ ఎనభై శాతం చుట్టుపక్కల ఉండేటట్టు చూసుకున్నాం. మట్టి మీద రాలిన ఆకులు మందంగా పరిచి, ఒక మూల నాచు, రెండు చోట్ల బోర్లించిన చెట్టు బెరడు పెట్టాం. రెండు బెరళ్లెందుకంటే రెండు పిల్లలున్నాయి. ఒకటి బలంగా ఉంటే రెండోదాన్ని తిననివ్వదు. అప్పుడు వేరు కాపురం పెట్టాల్సిందే. నీళ్లకు పూలకుండీ కింద పెట్టే మట్టి పళ్లెం చాలు. లోతు గడ్డం దాటకూడదు, వెల్లకిలా పడితే మునిగిపోతాయి. అవి నీళ్లలోనే దొడ్డికి పోతాయి కాబట్టి రోజూ మార్చాలి.

వేడి ఒక చివరే ఉండాలి. దీపం కింద ముప్పై డిగ్రీలు, రెండో చివర ఇరవై రెండు, ఇరవై మూడు. ఎక్కడ కావాలో అదే పోయి కూర్చుంటుంది. దీనికి మన సాయం అక్కర్లేదు. దీంతోపాటు అతినీలలోహిత కాంతి ఇచ్చే ట్యూబు కావాలి, అది లేకపోతే ఎముక, డిప్ప గట్టిపడవు. కిటికీ పక్కన పెడితే ఎండ వస్తుంది కదా అని మా అబ్బాయి అన్నాడు. అద్దం ఆ కాంతిని ఆపేస్తుంది, వెలుగొస్తుంది గానీ పని జరగదు. ఆ ట్యూబు వెలుగుతున్నట్టే ఉండి సత్తువ తగ్గిపోతుంది, ఏడాది లోపు మార్చాలి. కొన్న తేదీ దాని మీదే రాసిపెట్టుకోండి.

తిండికి పొద్దున్నే నీళ్లు చల్లేవాళ్లం. వాన పడిందనుకుని బయటికి వస్తాయి. వానపాము ముక్కలు, కుండీల కింద తడిలో ఉండి ముట్టుకుంటే ఉండలా చుట్టుకునే పురుగులు, వీటిని వేటాడి తింటాయి. పిల్లప్రాయంలో ఇవి దాదాపు మాంసాహారులే. పెద్దయ్యేకొద్దీ పండ్లు, పుట్టగొడుగులు, ఆకుల మీదికి మళ్లుతాయి. సున్నానికి, అంటే కాల్షియానికి, సముద్రపు నురుగు ముక్క ఒకటి పెట్టాం. పేరుకే నురుగు, నిజానికి అది కటిల్ ఫిష్ అనే సముద్ర జీవి ఒంట్లోని ఎముక. మన దగ్గర పచారీ మందుల దుకాణాల్లో ఇదే పేరుతో అడిగితే ఇస్తారు. వారానికోసారి వంటింటి తూకం మీద పెట్టి నోటుబుక్కులో రాయడం మనుమరాలి డ్యూటీ.

ముందు వరుసలో ఆ బాబు చెయ్యెత్తుతున్నాడు. ఏమడుగుతావో నాకు తెలుసు, చెరువులో దొరికిన తాబేలుకు ఇలాంటి పెట్టె చెయ్యొచ్చా అనే కదా? చెయ్యకూడదు. మన చెరువుల్లో, వరి మళ్లలో కనపడే తాబేలుకు వెనక కాళ్ల దగ్గర తోలు రెక్కలుంటాయి, అది నీళ్ల జీవి. అదీ, అదృష్టమొస్తుందని కొందరు దొంగచాటుగా కొనే నక్షత్ర తాబేలూ, రెండూ 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నవే. ఇంట్లో పెట్టుకుంటే జైలు. తాబేలు ఇంట్లోకొస్తే లక్ష్మి అని కొందరు, అరిష్టమని కొందరు అంటారు. లక్ష్మి సంగతి నాకు తెలియదు గానీ ఫారెస్టు వాళ్లు మాత్రం వస్తారు. రోడ్డు దాటుతూ కనపడితే అది పోతున్న వైపే అవతలికి దాటించి వదిలెయ్యి. దెబ్బ తగిలి ఉంటే వాళ్లకే అప్పగించు.

పెట్టె కొలతలు గీసిన కాగితాలు ఆ బల్ల మీద ఉన్నాయి, తీసుకోండి. అమెరికాలో ఉన్న మీ వాళ్లకు ఫోటో తీసి పంపండి. మొన్న వీడియో కాల్‌లో నాకు పెట్టె చూపించమంటే మనుమరాలు ఫోను అటు తిప్పింది. ఎంతసేపు చూసినా ఆకులే. "ఏవి బిడ్డా?" అన్నాను. "ఉన్నాయి తాతా, నువ్వే కెలకొద్దన్నావ్" అంది. ఇక మీ ప్రశ్నలు అడగండి.