ఏడాది నిండకముందే ఎడమచేతివాటమా?

శ్రోతలకు నమస్కారం. పిల్లల ఎదుగుదల గురించి చెప్పుకోవలసింది చాలా ఉంది. నాకున్న సమయం తక్కువ కాబట్టి ఈ రోజు చేతుల సంగతే చెబుతాను.

ఉలవపాడు వైపు ఒక ఇంట్లో తొమ్మిది నెలల బాబు. ఏది చూపించినా ఎడమచేత్తోనే అందుకునేవాడు. "అచ్చం వాళ్ల తాతే, ఎడమచేతివాటం" అని నాయనమ్మ మురిసిపోయేది. తల్లికి మాత్రం స్నానం చేయించేటప్పుడు తేడా తెలిసేది. కుడి పిడికిలి ఓ పట్టాన విడేది కాదు. బొటనవేలు లోపలికి ముడుచుకుని, అరచేతి మడతల్లో నలుగుపిండి అలాగే ఉండిపోయేది. చొక్కా తొడిగితే ఎడమచెయ్యి ఇట్టే దూరేది, కుడిచెయ్యి బిగుసుకునేది. నన్నడిగితే, ఏ పరీక్షకైనా ముందు చొక్కా తొడిగే తల్లి మాట వినాలి.

చేతివాటం మామూలుగా రెండేళ్లు దాటాకే స్థిరపడుతుంది. ఏడాదిలోపు బిడ్డ రెండు చేతులూ వాడాలి. మళ్లీ చెబుతున్నాను, రెండు చేతులూ వాడాలి. ఒకే చెయ్యి వాడుతుంటే రెండోదాని సంగతి చూడాలి. మెదడులో ఒకవైపు దెబ్బతింటే ఒంట్లో అవతలి వైపు ఇలా బయటపడవచ్చు.

ఆ బాబుకు ఫిజియోథెరపిస్టు పెద్ద యంత్రాలేమీ పెట్టలేదు. ఎడమచేతికి మెత్తటి మేజోడు తొడిగి, గిలక్కాయను కుడివైపు పెట్టి, కాసేపు ఆడించమన్నారు. వాడు ఏడ్చాడు. "పసివాణ్ణి ఏడిపించడం కూడా వైద్యమేనా అమ్మా?" అని నాయనమ్మ కోప్పడింది. ఆ కోపం న్యాయమైనదే. అందుకే ఏడుపు మొదలైతే ఆపేసి, నవ్వుతున్నప్పుడు మళ్లీ ఆడించారు. తర్వాత మేజోడు తీసేసి, రెండు చేతులూ పడితేనే నిలిచే పెద్ద బంతి ఇచ్చారు. ఇప్పుడు వాడు కుడిచేత్తో కంచం అదిమిపట్టి, ఎడమచేత్తో తింటాడు. కుడిచెయ్యి పూర్తిగా ఎడమదానిలా కాలేదు, కానీ పనిలోకి దిగింది. మేజోడు ఎంతసేపు ఉంచాలో థెరపిస్టు చెప్పాలి, సొంతంగా ప్రయత్నించకండి.

పసితనంలో మెదడు కొత్త పనిని త్వరగా పట్టుకుంటుంది. "మగపిల్లలు ఆలస్యమేలే, వాడే నేర్చుకుంటాడు" అంటూ గడిపే నెలలే మనకు నష్టం. నాలుగు నెలలు దాటినా మెడ నిలవకపోయినా, తొమ్మిది నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోకపోయినా, ఏడాదిన్నరకు నడక రాకపోయినా చూపించాలి.

ఎక్కడ? ముందు ఆశా కార్యకర్తకు చెప్పండి, పిల్లల వైద్యులకు చూపించండి. నెల్లూరులో దివ్యాంగుల కోసం కేంద్ర ప్రభుత్వ సమీకృత ప్రాంతీయ కేంద్రం ఉంది, సీఆర్‌సీ అంటారు. 2021 జూన్‌లో దేశంలో 14 చోట్ల పసిపిల్లల సత్వర చికిత్స విభాగాలు ప్రారంభించినప్పుడు, వాటిలో నెల్లూరు కూడా ఉంది.

బయలుదేరేటప్పుడు కాన్పు కాగితాలతో పాటు మరొకటి తీసుకెళ్లండి. బస్సులో అలసిన బిడ్డ డాక్టరు ముందు నిద్రపోతాడు, లేదా ఏడుస్తాడు. ముందురోజే ఇంట్లో ఆడుకుంటున్నప్పుడు, రెండు చేతులూ కనిపించేలా ఫోనులో వీడియో తీసి ఉంచుకోండి.