వెనిల్లా వైన్‌దా, నా చేతిదా?

చెల్లి: రికార్డ్ అవుతోందా? ఆ, అవుతోంది. ఇవాళ మూడు రెడ్ వైన్లు, ఒక లోషన్, ఒక షవర్ జెల్. అక్కా, ముందు నువ్వు చేసిన ఘనకార్యం చెప్పు.

అక్క: చెప్తాలే. మొన్న వెనిల్లా బాడీ బటర్ మోచేతుల దాకా దట్టంగా పట్టించి, ఆ చేత్తోనే గ్లాసు ఎత్తి వాసన చూసి, "అబ్బ, ఓక్ చెక్క పీపాలో భలే మాగింది" అని నోట్స్ రాసేశాను. తీరా సీసా వెనక చదివితే స్టీలు ట్యాంకులో చేసిందట, ఓక్ మొహమే చూడలేదు!

చెల్లి: (నవ్వు) పూర్తిగా నీ తప్పు కాదులే. పీపాని లోపల కాల్చినప్పుడు చెక్కలోంచి వచ్చేదీ వెనిలినే, అంటే వెనిల్లా వాసననిచ్చే పదార్థమే, బాడీ బటర్‌లో వేసేదీ చాలావరకు అదే. పైగా 2001లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఫ్రాన్స్‌లోని బోర్డోలో వైన్ తయారీ చదువుకునే 54 మందికి వైట్ వైన్‌లోనే వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, వాళ్లు రెడ్ వైన్‌కి వాడే మాటలే రాశారు.

అక్క: హమ్మయ్య, తోడు దొరికారు. ఇవాళ మాత్రం వాసన లేని సబ్బుతో చేతులు కడిగాను, లోషన్లు ఆఖర్నే. మొదటిది పీనో నువార్. తొక్క పల్చటి ద్రాక్ష కదా, గ్లాసు వెనక నా వేళ్లు కనిపిస్తున్నాయి చూడు. చెర్రీ, కాస్త తడిమట్టి. నాకు నచ్చేసింది.

చెల్లి: ఈ కాబెర్నే సావిన్యోన్... అమ్మో, వగరు! డికాషన్ మరీ మరిగిపోతే నోరు పిడచగట్టుకుపోతుంది చూడు, అచ్చం అలా.

అక్క: ద్రాక్ష తొక్కల్లోంచి వచ్చే టానిన్లనే వగరు పదార్థాలు ఉమ్ములో ప్రొటీన్లని పట్టేసుకుంటాయి, అందుకే ఆ గరుకు. అయినా సీసా గది వేడికి వదిలేశాం, ఆల్కహాల్ ఒక్కటే ముక్కుకి కొడుతోంది. ఫ్రిజ్‌లో పెట్టు, 16–18 డిగ్రీలకి దిగాక మార్కులేద్దాం. ఈలోపు షిరాజ్. మిరియాలు తెలుస్తున్నాయా?

చెల్లి: లేదే. నల్ల ద్రాక్ష, పొగ... మిరియాలెక్కడ?

అక్క: రోటండోన్ అని, మిరియాల్లో ఉండేదే ఇందులోనూ ఉంటుంది. కొందరి ముక్కుకి అది అస్సలు అందదు.

చెల్లి: అంటే ఇన్నాళ్లూ నేను షిరాజ్‌కి తక్కువ మార్కులేసింది ముక్కు లోపం వల్లా!

అక్క: (నవ్వు) సరే, షవర్ జెల్ సంగతి తొందరగా కానిద్దాం. నిమ్మ వాసన, బాత్రూమ్ దాటేసరికి లేదు. లావెండర్ లోషన్ మాత్రం పూయగానే మందుల షాపులా గుప్పుమంది కానీ, పావుగంట ఆగితే మెత్తబడి బాగుంది. జిడ్డే కొంచెం ఎక్కువ.

చెల్లి: నాకూ నచ్చింది, రెండు చేతులకీ పూసేశా. కాబెర్నే చల్లబడిందేమో, తెస్తానుండు.

అక్క: ఆ చేతులతోనా? ముందు కడుక్కో!