గడ్డి మిగిల్చినవారికి బహుమతి

శ్రోతలకు నమస్కారం.

పశువులు పెంచేవారికి బహుమతి అనగానే బలిసిన ఎద్దో, పాలు బాగా ఇచ్చే ఆవో గుర్తొస్తుంది. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో రాంచర్లకు, అంటే పెద్ద బీళ్లలో మందలు మేపేవారికి, ఇచ్చే బహుమతుల్లో మరో రకం ఉంది. మంద ఎలా ఉందన్నది అక్కడ రెండో సంగతి. అది మేసి వెళ్లాక నేల మీద ఏం మిగిలిందన్నదే అసలు పరీక్ష.

అక్కడ వాన తక్కువ. చాలా చోట్ల నేల దున్నడానికి పనికిరాదు, గడ్డే పంట. ఆ నేలంతా రాంచర్ల సొంతం కూడా కాదు. బీఎల్ఎమ్ అనే ఫెడరల్ భూ నిర్వహణ సంస్థ ఒక్కటే సుమారు 15.5 కోట్ల ఎకరాల ప్రభుత్వ భూమిలో మేతను పర్యవేక్షిస్తుంది. ఒకప్పుడు మేతకు పర్మిట్లేవీ లేవు, ముందు తోలుకొచ్చినవాడిదే గడ్డి. నేను ఆగితే పక్కవాడి మంద మేసేస్తుందన్న భయంతో ఎవరూ ఆగలేదు. అలా బీళ్లు బోడిగా మారాక, 1934లో టేలర్ గ్రేజింగ్ చట్టం వచ్చి అనుమతులు, రుసుములు పెట్టింది.

ఎన్ని పశువులు, ఏ నెల నుంచి ఏ నెల దాకా అన్నది పర్మిట్‌లో ఉంటుంది. ఈ వారం ఈ గడ్డి మందను తట్టుకోగలదా అన్నది మాత్రం బీడంతా తిరిగి చూసే మనిషికే తెలియాలి. గడ్డికి బలం ఆకులోంచి వస్తుంది. ఆకులో సగానికి మించి కత్తిరిస్తే వేళ్ల ఎదుగుదల కొన్నాళ్లు ఆగిపోతుందని 1955లో ఎఫ్.జె. క్రైడర్ అనే శాస్త్రవేత్త ప్రయోగాలు చేసి చూపించాడు. రాంచర్లు చెప్పుకునే ‘సగం తీసుకో, సగం వదిలెయ్’ అన్న లెక్కకు అది గట్టి ఆధారం. వేళ్లు బలహీనపడిన చోట మట్టి కొట్టుకుపోతుంది. చీట్‌గ్రాస్ అనే పరాయి గడ్డి చొరబడుతుంది. అది వేసవి ముదరకముందే ఎండిపోతుంది కాబట్టి నిప్పు పడితే ఇక ఆపడం కష్టం.

అందుకే మంచి రాంచర్ బీడును కంచెలతో భాగాలు చేసి మందను తిప్పుతుంటాడు. మేసిన భాగానికి మళ్లీ చిగురించే వ్యవధి ఇస్తాడు. పశువులు వాగులోనే నిలబడిపోయి గట్లు తొక్కేయకుండా పైపులు వేసి దూరంగా నీళ్ల తొట్లు కడతాడు. తొట్టిలో పడ్డ పిట్ట పైకి ఎక్కి రావడానికి చిన్న ర్యాంప్ కూడా పెడతాడు. ప్రాంగ్‌హార్న్ అనే జింకలాంటి జంతువు కంచె దూకడం కన్నా కింద నుంచి దూరడానికే చూస్తుంది. దాని కోసం అడుగు తీగను ముళ్లు లేకుండా, కాస్త ఎత్తులో కడతాడు. ఇవేవీ సంతలో ధర పెంచవు మరి!

శాండ్ కౌంటీ ఫౌండేషన్ అనే సంస్థ 2003 నుంచి ఇస్తున్న లియోపోల్డ్ కన్జర్వేషన్ అవార్డు ఇలాంటివారిని గుర్తిస్తుంది. ప్రకృతి సంరక్షణ గురించి రాసిన ఆల్డో లియోపోల్డ్ పేరు మీద పెట్టిన అవార్డు అది. బీఎల్ఎమ్ కూడా విడిగా అవార్డులిస్తుంది. రాంచ్ ఖర్చుల ముందు అవార్డు సొమ్ము ఏ మూలకూ రాదు. నా దృష్టిలో అసలు లాభం వేరు. గెలిచినవాడి బీడు చూడటానికి చుట్టుపక్కల రాంచర్లు వస్తారు. అధికారి చెబితే వినని మాట తోటి రాంచర్ చెబితే వింటారు.

ఒక్క విషయంలో మాత్రం న్యాయనిర్ణేతలు జాగ్రత్తగా ఉండాలి. వాన బాగా పడిన ఏడాది ఎవరి బీడైనా పచ్చగానే ఉంటుంది. ఆ ఘనత వానదా, మనిషిదా? ఏటా ఒకే చోట నిలబడి, ఒకే దిక్కుకు తీసిన ఫొటోలు వరసగా పెట్టి చూస్తే కొంత తెలుస్తుంది. మిగతాది కరువు సంవత్సరంలో తెలుస్తుంది. వాన రాదని తేలగానే కొన్ని ఆవులను అమ్మేయడం తేలిక కాదు. ఏళ్ల తరబడి ఏరి పెంచుకున్న మంద అది. ఆలస్యం చేస్తే అందరూ ఒకేసారి అమ్మకానికి తెస్తారు, ధర పడిపోతుంది, ఈలోగా గడ్డి మొదలంటా పోతుంది. నన్నడిగితే దరఖాస్తు ఫారంలో మొదటి ప్రశ్న ఇదే పెట్టాలి: కిందటి కరువులో మీరు మందను ఎప్పుడు తగ్గించారు, బీడులో ఏం చూసి ఆ నిర్ణయం తీసుకున్నారు?