మీరు అడిగిన పేజీ దొరకలేదు

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు నాకంటే ముందు మాట్లాడిన ఇద్దరూ చదివేశారు, మూడోసారి నేను చదవను. నాకిచ్చింది పదిహేను నిమిషాలు. విషయం 'పరిశోధనా ప్రచురణలో సాంకేతికత: నిన్న, నేడు, రేపు'. నిన్నటి దగ్గరే ఆగిపోతానేమోనని ముందే చెప్తున్నాను.

ఆహ్వానపత్రిక వెనక ఒక క్యూఆర్ కోడ్ ఉంది, చూశారా? స్కాన్ చేస్తే ఈరోజు మనం సన్మానిస్తున్న మేడం గారి వ్యాసాల జాబితా వస్తుందని రాశారు. ఇందాక కూర్చున్నచోటే ఫోన్ పెట్టి చూశాను. 'మీరు అడిగిన పేజీ దొరకలేదు' అని వచ్చింది. నవ్వకండి. లింకులు చెడిపోకుండా ముప్ఫై ఏళ్లు కాపలా కాసిన మనిషికి జీవన సాఫల్య పురస్కారం ఇస్తున్నాం, ఆవిడ పేరు మీదున్న లింకే తెరుచుకోవడం లేదు. రాసుకొచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టేసుకున్నది అందుకే.

మన రంగంలో సన్మానాలన్నీ ఒకే పద్ధతిలో సాగుతాయి. ఫలానావారు ఫలానా ఏడాది ఫలానాది కనిపెట్టారు, చప్పట్లు. నేనూ కొట్టాను. హెన్రియెట్ అవ్‌రామ్ గురించి ఎన్నిసార్లు మాట్లాడానో లెక్కలేదు. ఆవిడ లైబ్రేరియన్ కాదు, కంప్యూటర్ ప్రోగ్రామర్. 1965లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో చేరారు. అరచేతిలో పట్టే కేటలాగు కార్డు ఆవిడ ముందుకొచ్చింది. అందులో రచయిత ఎక్కడ, పేరు ఎక్కడ, ముద్రణ ఎక్కడ అన్నది మన కంటికి చూడగానే తెలుస్తుంది. యంత్రానికి తెలియదు, దానికి అన్నీ అక్షరాలే. అందుకని ముక్క ముక్కకీ ఒక నంబరు పెట్టారు. రచయితకి 100, పుస్తకం పేరుకి 245. పుస్తకం వివరాల్ని యంత్రం చదవగలిగేలా చేసిన ఆ పద్ధతే మార్క్. ఇప్పటికీ కేటలాగర్లు 'టూ ఫార్టీఫైవ్ సరిగా ఉందా?' అనే అడుగుతారు, 'పుస్తకం పేరు సరిగా ఉందా?' అనరు.

ఇంకో మాట చెప్పి అసలు సంగతికొస్తాను. లైబ్రరీలు కలిసి కేటలాగు పంచుకోవడానికి ఫ్రెడరిక్ కిల్గోర్ స్థాపించిన ఓసీఎల్‌సీ అనే సంస్థలో 1971 ఆగస్టు 26న ఆన్‌లైన్ కేటలాగింగ్ మొదలైంది. ఒహాయో యూనివర్సిటీ లైబ్రరీలో మొదటి రోజు 133 పుస్తకాలు ఎక్కించారు. కిల్గోర్ పేరు మీద ఈరోజు పురస్కారాలున్నాయి, ఉండాల్సిందే. ఆ 133 పుస్తకాల వివరాలు టైపు చేసిన చేతుల పేర్లు మాత్రం ఏ సన్మానపత్రంలోనూ నా కంటబడలేదు. తమాషా ఏమిటంటే, ఆన్‌లైన్ మొదలుపెట్టిన ఆ ఓసీఎల్‌సీయే కాగితం కార్డులు కూడా అచ్చు వేస్తూ పోయింది, 2015 అక్టోబరు 1 దాకా. పాత పని అంత తొందరగా పోదు. దాన్ని చూసుకునే మనుషులే పోతారు, రిటైరవుతారు.

రిటైరవుతారు అన్నాను కదా. ఇక కాగితంలో లేనిది చెప్తాను.

మేడం పనిచేసిన సంస్థ పేరు చెప్పను. అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. సిద్ధాంత గ్రంథాలన్నిటికీ డీఓఐ నంబర్లు, అంటే ఆన్‌లైన్‌లో ఒక్కో రచనకీ ఉండే శాశ్వత గుర్తింపు నంబర్లు, ఇచ్చే పని ఆవిడది. డీఓఐ అంటే ఎప్పటికీ చెడిపోదనే ధీమా మనందరిదీ. 2000లో ప్రచురణకర్తలు కలిసి ఈ నంబర్లు నమోదు చేసే క్రాస్‌రెఫ్ అనే సంస్థ పెట్టుకున్నప్పటినుంచీ వ్యాసం కింద ఆ నంబరు చూసి నిశ్చింతగా ఉంటాం. అయితే మారనిది నంబరు ఒక్కటే. ఆ నంబరు మనల్ని తీసుకెళ్లే చిరునామా మారినప్పుడల్లా, మారిందని ఎవరో ఒకరు నమోదు చేయాలి. ఆ ఎవరో ఒకరు మేడం.

ఆవిడ రిటైరైన మర్నాడే ఆఫీసు ఈమెయిల్ మూసేశారు. వెబ్‌సైటు పేరు రెన్యూ చేయమనే మెయిళ్లు దానికే వెళ్తాయని ఎవరికీ తట్టలేదు. గడువు దాటింది, ఆ పేరు ఎవరో కొనుక్కున్నారు. ఒక అమ్మాయి వైవా రోజున ఎగ్జామినర్ ఆ అమ్మాయి ఇచ్చిన లింకు నొక్కితే పేకాట ప్రకటన వచ్చింది. ఆ అమ్మాయి ముఖం నాకింకా గుర్తుంది.

మేడంకి ఫోన్ చేశారు. వచ్చారు. కొత్త సర్వర్‌లో ఫైళ్ల పేర్లన్నీ మారిపోయాయి కాబట్టి, ఏ నంబరు ఏ గ్రంథానిదో ఒక్కొక్కటీ తెరిచి, మొదటి పేజీ చూసి, చిరునామా దిద్దాలి. పదకొండు రోజులు కూర్చున్నారు. ఆ పనికి ఆర్డరు లేదు, జీతం లేదు, థాంక్స్ అని ఒక ఉత్తరమైనా లేదు.

సంస్థని తిట్టడం తేలికే, ఇన్నాళ్లూ తిట్టాను కూడా. ఆ రెన్యూవల్ మెయిల్ కాపీ నాకూ వచ్చింది. మూడుసార్లు. ప్రకటన అనుకుని మూడుసార్లూ డిలీట్ చేశాను. మేడం, ఇది మీకు ఈరోజే చెప్తున్నాను. పదకొండు రోజులూ మీ పక్కన కూర్చుని టీ తాగానే గానీ నోరు విప్పలేకపోయాను.

నేడు, రేపు అనే భాగాలు మిగిలిపోయాయి, అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. ఒక్క నిమిషం. ఈ హాల్లో కనీసం పదిమంది సంస్థలు నడిపేవాళ్లున్నారు. మీ వెబ్‌సైటు రెన్యూవల్ మెయిల్ ఎవరికి వస్తుందో తెలిసినవాళ్లు చేతులెత్తండి. ఒకటి... రెండు. వెనక వరసలో ఆయన ఎత్తారా, తల సర్దుకున్నారా? సరే, రెండే.

నిర్వాహకులకు నాదొక కోరిక. జ్ఞాపిక బాగుంది, సన్మానపత్రం బాగుంది. ఆ క్యూఆర్ కోడ్ సరిచేసే పని ఎవరిదో ఇప్పుడే ఈ మైకులో చెప్పండి, అందరం వింటాం. ఎవరి పేరైనా చెప్పండి, నాదైనా ఫరవాలేదు. మేడం పేరు మాత్రం చెప్పకండి.