రోజ్‌వాల్‌ను ఎనిమిదితో ఎలా కొలుస్తాం?

(విజయనగరం స్టూడియోలో జరిగిన క్రీడా చర్చ. పాల్గొన్నవారు: విశ్రాంత టెన్నిస్ శిక్షకుడు, శ్రీకాకుళానికి చెందిన మాజీ విశ్వవిద్యాలయ క్రీడాకారిణి, క్రీడా విలేకరి.)

సంచాలకుడు: నమస్కారం. పాత తరం టెన్నిస్ విజేతల్లో దక్కాల్సినంత పేరు దక్కనిది ఎవరికి? మాష్టారూ, మీరే మొదలుపెట్టండి.

శిక్షకుడు: నాకు సందేహమే లేదు బాబూ, ఆస్ట్రేలియా ఆటగాడు కెన్ రోజ్‌వాల్. ఎనిమిది గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లని, అంటే ఆస్ట్రేలియా, ఫ్రాన్స్, వింబుల్డన్, అమెరికా అనే నాలుగు పెద్ద టోర్నీల్లో గెలిచినవని రాసి ఊరుకుంటారు. ఆ ఎనిమిదింటి మధ్య ఉన్న ఖాళీని ఎవరూ పట్టించుకోరు. 1956లో లూ హోడ్ వరుసగా మూడు పెద్ద టోర్నీలు గెలిచి అమెరికా ఫైనల్‌కు వచ్చాడు. నాలుగోది దక్కకుండా అడ్డుపడింది రోజ్‌వాలే. మరుసటి ఏడు ప్రొఫెషనల్ అయ్యాడు. డబ్బు తీసుకుని ఆడేవాళ్లను ఆ నాలుగు టోర్నీల్లోకి రానిచ్చేవారు కాదు. 1968 దాకా అదే నియమం. ఇరవై రెండో ఏట నుంచి ముప్ఫై మూడో ఏట వరకు, ఆటగాడి ఒంట్లో సత్తువ నిండుగా ఉండే కాలమంతా బయటే గడిచిపోయింది.

విలేకరి: ఆ లెక్క ఆయన తొలి టైటిళ్లకూ వర్తిస్తుంది కదా మాష్టారూ? 1953లో ఆయన ఆస్ట్రేలియాలో, పారిస్‌లో గెలిచేనాటికే మేటి ఆటగాడు పాంచో గొంజాలెస్ ప్రొఫెషనల్ అయిపోయి బరిలో లేడు. రాయ్ ఎమర్సన్ గెలిచిన 12లో 10 టైటిళ్లు రాడ్ లేవర్ ప్రొఫెషనల్‌గా వెళ్లిపోయాక వచ్చినవే.

శిక్షకుడు: కాదనను. అందుకే 1968 నుంచే చూడండి. అందరికీ ప్రవేశం దొరికిన తొలి గ్రాండ్‌స్లామ్ ఆ ఏటి ఫ్రెంచ్ ఓపెన్. ఫైనల్లో లేవర్‌ను ఓడించాడు, 33 ఏళ్ల వయసులో. 35 ఏళ్లకు యూఎస్ ఓపెన్, 37 ఏళ్లకు ఆస్ట్రేలియన్ ఓపెన్. ఐదడుగుల ఏడంగుళాల మనిషి, భయపెట్టే సర్వీసు లేదు. ఉన్నదల్లా బ్యాక్‌హ్యాండ్ స్లైస్, అంటే చేతి వెనకవైపు నుంచి బంతిని కోసినట్టు కొట్టే దెబ్బ. చెరువు మీద విసిరిన పెంకులా బంతి కోర్టు మీద జారిపోయేది. వింబుల్డన్‌లో నాలుగు ఫైనళ్లు ఆడినా ఒక్కటీ గెలవలేదు. ఆ ఒక్క లోటుతోనే లోకం ఆయన్ని తూచింది. నాకు అదే బాధ.

క్రీడాకారిణి: మగవాళ్ల లెక్కలు కాసేపు పక్కన పెట్టండి మాష్టారూ. ఇవోన్ గూలగాంగ్ సంగతేమిటి? ఆస్ట్రేలియాలో బారెల్లన్ అనే చిన్న ఊళ్లో, విరాజురి ఆదివాసీ కుటుంబంలో పెరిగింది. 19 ఏళ్లకే 1971 వింబుల్డన్ ఫైనల్లో మార్గరెట్ కోర్ట్‌ను ఓడించింది. తొమ్మిదేళ్ల తర్వాత, మూడేళ్ల పాపకు తల్లిగా, క్రిస్ ఎవర్ట్ మీద మళ్లీ గెలిచింది. 1914 తర్వాత ఒక తల్లి అక్కడ సింగిల్స్ గెలవడం అదే మొదలు. మొత్తం ఏడు టైటిళ్లు. అయినా ఏకాగ్రత లేని ఆటగత్తె అన్న ముద్ర వేశారు. ఆటలో అంత సులువు రావాలంటే ఎంత సాధన కావాలో రాకెట్ పట్టినవాళ్లకు తెలుసు.

సంచాలకుడు: ఆమె ప్రభావం తర్వాతి తరం మీద ఉందా?

క్రీడాకారిణి: లేకేం! 2021లో ఆస్ట్రేలియా క్రీడాకారిణి ఆష్ బార్టీ, గూలగాంగ్ 1971లో వేసుకున్న దుస్తులను తలపించే స్కర్టుతో ఆడి వింబుల్డన్ గెలిచింది. మా ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచాక, మా జిల్లాలో ఆడపిల్లను ఆటలకు పంపమని అడగడానికి నోరు వచ్చింది. అందుకే టైటిళ్ల సంఖ్య ఒక్కటే చూస్తే నాకు ఒప్పుదల కాదు.

విలేకరి: నేను చెకోస్లోవేకియా ఆటగాడు యాన్ కోడెస్ పేరు చెబుతాను. 1973లో యుగోస్లావియా ఆటగాడు నికోలా పిలిచ్‌పై పడిన నిషేధపు వేటుకు నిరసనగా 81 మంది ఆటగాళ్లు వింబుల్డన్‌ను బహిష్కరించారు. ఆ ఏడు గెలిచింది కోడెస్. ఖాళీ బరిలో గెలిచాడని తీసిపారేశారు.

శిక్షకుడు: బరి పలచబడిన మాట నిజమేగా?

విలేకరి: నిజమే. కానీ అదే ఏడాది అందరూ ఆడిన యూఎస్ ఓపెన్‌లోనూ ఫైనల్ చేరి, ఆస్ట్రేలియా ఆటగాడు న్యూకోంబ్‌తో ఐదు సెట్లు పోరాడాడు. 1971లో అక్కడికే సీడింగ్ లేకుండా, అంటే నిర్వాహకులు ముందే ఎంచిన మేటి ఆటగాళ్ల వరుసలో చోటు లేకుండా వచ్చి, తొలి రౌండులోనే ఆ వరుసలో మొదటివాడైన న్యూకోంబ్‌ను ఇంటికి పంపాడు. పారిస్‌లో 1970, 1971 టైటిళ్లు ఉండనే ఉన్నాయి.

సంచాలకుడు: బొబ్బిలి నుంచి ఒక ప్రేక్షకుడు ఫోనులో అడుగుతున్నారు, రామనాథన్ కృష్ణన్‌ను మరిచిపోయారా అని.

శిక్షకుడు: ఎలా మరిచిపోతాం? 1960, 1961 వింబుల్డన్ సెమీఫైనళ్లలో ఆయన్ని ఓడించిన ఫ్రేజర్, లేవరే ఆ రెండు టైటిళ్లూ గెలిచారు. ప్రొఫెషనల్ పోటీలు నడిపే జాక్ క్రామర్ తన బృందంలోకి రమ్మంటే కృష్ణన్ వద్దన్నాడు. వెళ్లి ఉంటే వింబుల్డన్, దేశాల మధ్య జరిగే డేవిస్ కప్ రెండూ పోయేవి. 1966 డేవిస్ కప్ తుది పోరులో జయదీప్ ముఖర్జీతో కలిసి న్యూకోంబ్, రోచ్ జోడీని ఓడించాడు. నా జాబితాలో ఆయన ఉంటాడు.

క్రీడాకారిణి: గొప్ప ఆటగాడే. కానీ విజేతల జాబితా అన్నాక పెద్ద టైటిల్ ఒక్కటైనా ఉండాలి మాష్టారూ. లేదంటే గీత ఎక్కడ గీస్తాం? ఇంకో మాట, బ్రెజిల్ క్రీడాకారిణి మరియా బ్యూనో ఊసే ఎవరూ ఎత్తలేదు. 1960లో నాలుగు గ్రాండ్‌స్లామ్‌ల డబుల్స్ టైటిళ్లనూ ఒకే ఏడాదిలో గెలిచిన తొలి మహిళ ఆమె.

సంచాలకుడు: సమయం మించిపోయింది. వచ్చే వారం బ్యూనోతోనే మొదలుపెడదాం. మాష్టారూ, కృష్ణన్ మీద మీ వాదన కూడా సిద్ధం చేసుకుని రండి.