టూర్ డి ఫ్రాన్స్ పోటీలో నిలిచేదెవరు? రేసుకు ముందే సెకన్లలో లెక్క ఎట్టా వేయాలి

[తెర మీద: ఫ్రాన్స్ మ్యాపు, 2025 టూర్ రూటు. కింద అక్షరాలు: 21 స్టేజీలు, 2 విశ్రాంతి రోజులు]

నమస్తే అండి. జూలైలో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు స్టేజీలు, అంటే ఒక్కో రోజు రేసులు, మన టైమ్ ప్రకారం చాలావరకు రాత్రి తొమ్మిదికి అటూ ఇటూగా ముగుస్తాయి. నెల్లూరులో అన్నం తిని కూర్చుంటే చివరి కొండ ప్రత్యక్షంగా చూడొచ్చు. అయితే ఫేవరెట్లు ఎవరని అడిగితే చాలామంది నిరుడు గెలిచినతని పేరు, మొన్న ఏదో స్టేజీ కొట్టినతని పేరు చెప్పి ఊరుకుంటారు. ఈ వీడియోలో ఆ జాబితాని సెకన్లలో కడదాం. పసుపు జెర్సీ దక్కేది మూడు వారాల మొత్తం టైమ్ అందరికంటే తక్కువున్న రైడర్‌కి. కాబట్టి ప్రతి పేరు ఎదురుగా అతను ఎక్కడ, ఎన్ని సెకన్లు పోగొట్టుకుంటాడో రాసుకుంటూ వెళ్ళాలి.

ఒక మాట ముందే చెప్పేస్తాం. ఇది పందేల కోసం కాదు. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ పందేలు నిషేధం, మాకూ వాటితో పనిలేదు. రేసుని లోతుగా చూడటానికే ఈ లెక్క.

[తెర మీద: ఖాళీ ఎక్సెల్ షీట్]

పేర్లు తర్వాత రాద్దాం, ముందు రూటు తీసుకోండి. 21 స్టేజీల్లో పక్కగాలి తగలని చదును స్టేజీలన్నీ పక్కన పెట్టేయండి. అక్కడ చివరి మీటర్లలో దూసుకెళ్ళే స్ప్రింటర్లు కొట్టుకుంటారు, మనం లెక్కేసే రైడర్లు గుంపుతో పాటే ఒకే టైమ్‌లో చేరతారు. మిగిలినవాటిలో నాలుగు రకాలకి గుర్తు పెట్టండి: కొండ మీదే ముగిసే స్టేజీలు, 2,000 మీటర్లు దాటే శిఖరాలు, ఒక్కొక్కరుగా తొక్కే టైమ్ ట్రయల్స్, పక్కగాలి తగిలే రోడ్లు. మామూలుగా ఎనిమిదో తొమ్మిదో స్టేజీలు మిగులుతాయి. టూర్ తేలేది వాటి మీదే.

ఇప్పుడు అసలు లెక్క. ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్దాం.

[తెర మీద: ఎడమవైపు ఓతాకామ్ కొండ, కుడివైపు కాన్ టైమ్ ట్రయల్ రోడ్డు]

ఏటవాలు కొండ మీద రైడర్ శక్తి ఎక్కువ భాగం తన బరువుని పైకి లాగడానికే ఖర్చవుతుంది. అందుకని కిలో బరువుకి ఎన్ని వాట్లు అన్నదే ముఖ్యం, వేగం కూడా దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ఒకతను కిలోకి 6.2 వాట్లు, ఇంకొకతను 6 వాట్లు పెడుతున్నాడనుకోండి. తేడా 3 శాతం. 35 నిమిషాల కొండ అంటే 2,100 సెకన్లు. అందులో 3 శాతం 63 సెకన్లు, అంటే నిమిషం పైన.

అదే 3 శాతం తేడా చదును రోడ్డు మీద ఎంత? అక్కడ ఎదిరించాల్సింది గాలిని. వేగం పెంచాలంటే కావలసిన శక్తి దాదాపు వేగం ఘనంతో పెరుగుతుంది. 3 శాతం ఎక్కువ శక్తి పెడితే వేగం 1 శాతమే పెరుగుతుంది. 2025లో నార్మండీలోని కాన్ (Caen) దగ్గర 33 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌ని బెల్జియం రైడర్ రెమ్కో ఎవెనెపూల్ 37 నిమిషాల లోపే ముగించాడు. 2,200 సెకన్లనుకుంటే 1 శాతం 22 సెకన్లు. పైగా అక్కడ కిలో లెక్క పనిచేయదు. మొత్తం వాట్లు ఎన్ని, గాలికి శరీరం ఎంత తక్కువ అడ్డుపడుతోంది అన్నవే చూడాలి. కాబట్టి రూటులో చదును టైమ్ ట్రయల్ 30 కిలోమీటర్లుంటే కొండవీరుడు అక్కడ ఒక నిమిషం పోగొట్టుకున్నా, రెండు మంచి కొండల మీద తిరిగి రాబట్టుకోగలడు. 60 కిలోమీటర్లుంటే అంత సులువు కాదు.

ఈ లెక్కని తిరగేసి రేసు మధ్యలో కూడా వాడొచ్చు. కాన్‌లో డెన్మార్క్ రైడర్ యోనాస్ వింగెగోర్ స్లొవేనియా రైడర్ తాదేయ్ పొగాచర్ కంటే 1 నిమిషం 5 సెకన్లు వెనకబడ్డాడు. 33 కిలోమీటర్లలో 65 సెకన్లంటే వేగంలో 3 శాతం, శక్తిలో చూస్తే దాదాపు 9 శాతం. ఇద్దరు సమ ఉజ్జీల మధ్య అంత తేడా మామూలుగా రాదు. అప్పుడు వింగెగోర్ పేరు ఎదురుగా ప్రశ్నార్థకం పెట్టాల్సిందే. వారం తర్వాత ఓతాకామ్ కొండ మీద తేడా 2 నిమిషాల 10 సెకన్లు తేలింది. మన లెక్కలో అది 6 శాతం. చివరికి పారిస్‌లో పొగాచర్ 4 నిమిషాల 24 సెకన్లతో గెలిచాడు.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. ఇంటర్నెట్‌లో కనిపించే వాట్ల అంకెల్ని అట్టాగే షీట్‌లో వేసేస్తారు. ఆ అంకెలు చాలావరకు కొండెక్కిన టైమ్ నుంచి, రైడర్ బరువు నుంచి కట్టినవి. 62 కిలోల మనిషి బరువుని 2 కిలోలు తప్పుగా వేస్తే మొత్తం వాట్లలో 3 శాతం పోయినట్టే. మనం పట్టుకోవాలనుకుంటున్న తేడా కూడా అంతే కదా. వెనకగాలి ఉన్న రోజు, సహచరుడి చక్రం వెనకే ఎక్కిన రోజు అంకె ఇంకా పొంగుతుంది. ఒకే రోజు, ఒకే కొండ మీద ఇద్దరి మధ్య వచ్చిన సెకన్ల తేడాని నమ్మండి. అది కూడా నాలుగు గంటలు తొక్కాక వచ్చే చివరి కొండ అయితేనే. ఉదయం తాజాగా ఉన్నప్పుడు అందరూ బాగానే ఎక్కుతారు.

[తెర మీద: జూన్ రేసుల పట్టిక]

ఫామ్ ఎక్కడ చూడాలి? జూన్‌లో జరిగే దోఫినే (ఫ్రాన్స్‌లోని రేసు, 2026లో పేరు మారింది), టూర్ ఆఫ్ స్విట్జర్లాండ్. 2025లో రెండూ ఎనిమిది రోజుల రేసులు. 2025 దోఫినేలో మొదటి ముగ్గురు పొగాచర్, వింగెగోర్, ఫ్లోరియన్ లిపోవిట్జ్. జూలైలో టూర్ పోడియం మీద నిలబడ్డదీ ఆ ముగ్గురే, అదే వరసలో. స్విట్జర్లాండ్‌లో మూడో స్థానం వచ్చిన ఆస్కార్ ఓన్లీ టూర్‌లో నాలుగో స్థానంలో నిలిచాడు. లిపోవిట్జ్ పేరు, ఓన్లీ పేరు మే నెల జాబితాల్లో పెద్దగా లేవు, జూన్ ఫలితాలు చూసినవాళ్ళకి మాత్రం తెలిసిపోయింది.

కానీ స్థానాల్ని మక్కికి మక్కీ తీసుకోకండి. 2024 దోఫినేలో ఎవెనెపూల్ ఏడోవాడు. ఏప్రిల్‌లో బాస్క్ దేశపు రేసులో పడి ఎముకలు విరగ్గొట్టుకుని అప్పుడే తిరిగొచ్చాడు. టైమ్ ట్రయల్ గెలిచాడు, కొండల మీద వెనకబడ్డాడు. అంటే ఇంజిన్ ఉంది, కొండ మీద నిలదొక్కుకునే సాధన ఇంకా పూర్తికాలేదు. మూడు వారాలు గడిచేసరికి ఆ లోటు తీరొచ్చని రాసుకోవాలి. టూర్‌లో మూడో స్థానం తెచ్చుకున్నాడు. ఆ దోఫినే గెలిచిన ప్రిమోజ్ రోగ్లిచ్ టూర్‌లో పడిపోయి మధ్యలోనే ఇంటికెళ్ళాడు. అతను 2021, 2022లో కూడా టూర్ పూర్తిచేయలేదు. ఇట్టాంటి చరిత్ర ఉన్న రైడర్‌కి సెకన్లు తగ్గించకూడదు, పక్కన వేరే గడిలో "పూర్తిచేసే అవకాశం" అని రాయాలి. బలం వేరు, మూడు వారాలు నిలబడటం వేరు. రెండింటినీ ఒకే అంకెలో కలిపితే షీట్ అబద్ధం చెబుతుంది.

పెద్ద కొండల మీద చెడ్డరోజు ఖరీదు కూడా తెలిసి ఉండాలి. 2023లో 15 స్టేజీలు అయ్యాక వింగెగోర్, పొగాచర్ మధ్య తేడా 10 సెకన్లే. 16వ స్టేజీ టైమ్ ట్రయల్‌లో పొగాచర్ 1 నిమిషం 38 సెకన్లు పోగొట్టుకున్నాడు. మర్నాడు 2,300 మీటర్లు దాటే కోల్ డి లా లోజ్ మీద ఇంకో 5 నిమిషాల 45 సెకన్లు. ఆ ఏడు ఏప్రిల్ చివర్లో అతని మణికట్టు విరిగింది, వారాల తరబడి రోడ్డు మీద సాధన సరిగా జరగలేదు. తగ్గిన సాధన మొదటి వారంలో బయటపడదు. మూడో వారంలో, ఎత్తైన చోట బయటపడుతుంది. కాబట్టి వసంతకాలంలో గాయపడిన రైడర్‌కి మొదటి రెండు వారాల అంకెలు మామూలుగానే ఉంచి, మూడో వారంలో మాత్రం మూడు నుంచి ఆరు నిమిషాల చెడ్డరోజు ఒకటి రాసి పెట్టండి.

[తెర మీద: నెల్లూరు–కావలి హైవే, పక్కన సముద్రం, గాలి దిక్కు చూపే బాణాలు]

పక్కగాలి సంగతి మన జిల్లావాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. నెల్లూరు నుంచి మైపాడు వైపు మధ్యాహ్నం సైకిల్ తొక్కితే సముద్రపు గాలి ఎదురొస్తుంది. అదే హైవే మీద కావలి వైపు తొక్కితే కుడిభుజానికి కొడుతుంది. ఎదురుగాలిలో ముందున్నతని వెనక దాక్కోవచ్చు. పక్కగాలిలో దాక్కునే చోటు పక్కకి జరుగుతుంది, అందుకే రైడర్లు రోడ్డుకి అడ్డంగా ఏటవాలు వరస కడతారు. రోడ్డు వెడల్పుకి ఎంతమంది పడతారో అంతమందికే ఆ నీడ. మిగతావాళ్ళు అంచున గాలికి తొక్కి తొక్కి తెగిపోతారు, గుంపు ముక్కలవుతుంది. కాబట్టి తీరం వెంబడి, చెట్లు లేని పొలాల మధ్య సాగే స్టేజీ ఉంటే ఆ ముందురోజు సాయంత్రం గాలి సూచన చూడండి. తేలికైన కొండవీరుడికి బరువైన సహచరులు ఇద్దరైనా లేకపోతే అతని పేరు ఎదురుగా ఒక నిమిషం వేయండి.

జట్టు అనగానే గుర్తుచేసుకోవాల్సింది 2025 జిరో డిటాలియా, ఇటలీలో జరిగే మూడు వారాల రేసు. చివరి కొండ స్టేజీ ముందు సైమన్ యేట్స్ మూడో స్థానంలో, ఇసాక్ డెల్ తోరో కంటే 1 నిమిషం 21 సెకన్లు వెనక ఉన్నాడు. ఫినెస్ట్రే కొండ మీద యేట్స్ ఒంటరిగా వెళ్ళిపోయాడు. అతని సహచరుడు వౌట్ వాన్ ఆర్ట్ ఉదయమే బ్రేక్‌అవేలో, అంటే గుంపుని వదిలి ముందుకెళ్ళిన కొద్దిమందితో, వెళ్ళి ముందున్నాడు. కొండ దిగాక లోయలో యేట్స్‌ని కలుపుకుని లాగాడు. వెనక డెల్ తోరో, రిచర్డ్ కరపాజ్ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉండిపోయారు. యేట్స్ ఆ జిరోని 3 నిమిషాల 56 సెకన్లతో గెలిచాడు. ఆ స్టేజీలో కొండకీ చివరి ఎక్కుడుకీ మధ్య లోయ లేకపోతే వాన్ ఆర్ట్ సాయం అంతగా అక్కరకొచ్చేది కాదు. జట్టు బలం ఎంత విలువైందో రూటు ఆకారమే నిర్ణయిస్తుంది. లోయలున్న స్టేజీల్లో ఎక్కువ వేయండి, ఒకే కొండతో ముగిసే స్టేజీల్లో తక్కువ వేయండి.

బ్రేక్‌అవేలో వచ్చిన టైమ్ కూడా మరవకండి. 2023లో స్పెయిన్ మూడు వారాల రేసు వుయెల్టాలో సెప్ కస్ సహాయక రైడర్‌గా వచ్చాడు, ఆరో స్టేజీ బ్రేక్‌అవేలో టైమ్ సంపాదించుకుని చివరికి రేసే గెలిచాడు. అయితే ఇది ముందుగా ఊహించేది కాదు, జరిగాక షీట్‌లో చేర్చేది.

[తెర మీద: నింపిన షీట్, మూడు రంగుల్లో పేర్లు]

షీట్ ఇప్పుడు కూడండి. ప్రతి రైడర్‌కి మామూలు రోజులు, మంచి రోజులు, చెడ్డరోజు ఉన్న మూడు వరసలు వేసి విడివిడిగా కూడండి. మామూలు వరసలో మొదటి రైడర్‌కి రెండు నిమిషాల లోపు ఉన్నవాళ్ళు గెలవగలవాళ్ళు. చాలా ఏళ్ళలో వీళ్ళు ఇద్దరికి మించరు, ఐదారుగురు తేలితే కొండల తేడాలు మరీ చిన్నగా వేశారని అర్థం. ఏడెనిమిది నిమిషాల దాకా ఉన్నవాళ్ళు పోడియానికి, ఆపైన పది లోపు స్థానాలకి.

జాబితాని ఖాయం చేసేది రేసు మొదలయ్యే వారంలోనే, జెర్సీ నంబర్లు వచ్చాక. ఒకటితో ముగిసే నంబరు మామూలుగా జట్టు నాయకుడిది. మీరు నాయకుడనుకున్న రైడర్ నంబరు ఐదుతోనో ఏడుతోనో ముగిసిందంటే జట్టు ఆలోచన ఏమిటో ఇంకోసారి వెతకండి.

రేసు మొదలయ్యాక స్టేజీ చివర ఇచ్చే 10, 6, 4 సెకన్ల బోనస్ చూసి పేర్లు కిందికీ పైకీ జరపకండి. మార్చాల్సింది మూడు సందర్భాల్లోనే: మొదటి టైమ్ ట్రయల్ అయ్యాక, అరగంట దాటే మొదటి కొండ అయ్యాక, ఎవరైనా గట్టిగా కిందపడ్డాక. 2025లో పొగాచర్ సహచరుడు జొవావ్ అల్మైడా ఏడో స్టేజీలో పడి పక్కటెముక విరగ్గొట్టుకున్నాడు, తొమ్మిదో స్టేజీలో రేసు వదిలేశాడు. అతను వెళ్ళిపోయాక అతని గడి ఒక్కటే కొట్టేస్తే సరిపోదు. కొండల మీద పొగాచర్‌కి చివరిదాకా తోడుండాల్సిన రైడర్ అతనే, కాబట్టి లోయలున్న ప్రతి స్టేజీలోనూ పొగాచర్ జట్టుకి వేసిన అంకె కూడా తగ్గించాలి.