ఫొటోల కింద రెండు వాక్యాలు

శ్రోతలకు నమస్కారం.

నేను ముప్ఫై ఒక్క ఏళ్లు బ్యాంకులో పనిచేసి గుంటూరులో రిటైరైన మనిషిని. ఈ రోజు నేను మాట్లాడబోయేది పిల్లల చదువు కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థల గురించి, వాటిని నడిపే పెద్దల గురించి. నాకు తెలిసిన దారి బ్యాంకు కౌంటరు దారే కాబట్టి మధ్యమధ్యలో చెక్కులూ సంతకాలూ వస్తాయి. ఏమీ అనుకోకండి.

పోయిన నెల బ్రాడీపేటలో మా ఇంటికి ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. ఒకడు మా పాత ఇంటి పక్కాయన కొడుకు. ప్రభుత్వ బడి పిల్లలకు సాయంత్రం పూట పాఠాలు చెప్పే సంస్థలో చేరాడట. "బాబాయ్, ఇది అచ్చుకి వెళ్లేలోగా ఒకసారి చూసి పెట్టవా" అంటూ నున్నటి కాగితం మీద ఎనిమిది పేజీల పుస్తకం చేతిలో పెట్టాడు. రెండో పేజీ నిండా ఫొటోలే. పైన 'మా నాయకత్వ బృందం' అని పెద్ద అక్షరాలు. ఒక్కో ఫొటో కింద రెండు వాక్యాలు. ఒకాయన సాఫ్ట్‌వేర్ కంపెనీలో పద్దెనిమిదేళ్లు చేశారు. ఒకావిడ విదేశంలో మేనేజ్‌మెంట్ చదివారు. ఇంకొకాయన రియల్ ఎస్టేట్, 'సేవాతత్పరులు'. మగవాళ్లందరూ కోట్లలో ఉన్నారు. గుంటూరు ఎండకి కోటు ఎవరేసుకుంటారో నాకు అర్థం కాలేదు. సరే, అది వాళ్లిష్టం.

"అంతా బాగానే ఉందిరా. వీళ్లలో బళ్లో పాఠం చెప్పినవాళ్లెవరు?" అని అడిగాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పాఠాలు మేం చెప్తాం బాబాయ్. మా ఫొటోలు అందులో లేవు" అన్నాడు.

ఆ మాట పట్టుకునే ఈ ప్రసంగం.

ముందు నా సంగతి చెప్పుకోవాలి, లేకపోతే అందరికీ నీతులు చెబుతున్నట్టుంటుంది. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం సంఘం పెట్టాలంటే కనీసం ఏడుగురు కావాలి. పని చేసేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. మిగతా వాళ్లను ఎక్కడి నుంచి తెస్తారు? తమ్ముడు, బావమరిది, పక్కింటి మాస్టారు, కాలేజీ నాటి స్నేహితుడు. చేబదులు అడిగినట్టు సంతకాలు అడిగి తెచ్చుకుంటారు. అలాంటి చేబదులు సంతకం నాదీ ఒకటుంది. మా ఊళ్లో ఒక చిన్న సంఘానికి పదకొండేళ్లు కోశాధికారిని. ఒక కాలనీలో పిల్లలకు సాయంత్రం చదువు చెప్పే కేంద్రం అది. చెక్కు బుక్కు మా ఇంటికే వచ్చేది. కాఫీ తాగుతూ ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి పంపేవాణ్ని. ఆ పని చేయొద్దని కౌంటరు దగ్గర ఎంతమందికి చెప్పానో లెక్కే లేదు. ఆ కేంద్రానికి మాత్రం పదకొండేళ్లలో నాలుగుసార్లు వెళ్లి ఉంటాను. ఐదు కాదు, నాలుగే. కరపత్రంలో నా పేరు కింద 'విశ్రాంత బ్యాంకు అధికారి, ఆర్థిక నిపుణులు' అని ఉండేది. చదువుకుని మురిసిపోయేవాణ్ని కూడా.

ఈ ఫొటోల పేజీ మా చిన్నతనంలో లేదు. మరి ఎక్కడి నుంచి వచ్చింది? డబ్బు వచ్చే దారి మారింది. కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఒక స్థాయి దాటిన కంపెనీలు అంతకు ముందు మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం రెండు శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. ఆ జాబితాలో విద్య ఉంది. కంపెనీ వాళ్లు కాలనీకి వచ్చి చాప మీద కూర్చుని పిల్లల నోట్‌బుక్కులు చూడరు. ముందు కాగితాలు అడుగుతారు. కాగితాల్లో ముందు పెద్దలెవరని అడుగుతారు. అందుకని సంస్థలు కూడా కంపెనీ వాళ్లు గుర్తుపట్టే మొహాలనే ముందు పెట్టుకుంటున్నాయి. తప్పు పట్టడం లేదు. పెళ్లిచూపులకి ఇస్త్రీ చీర కట్టుకోమంటే తప్పా?

అలాగని మనుషుల నేపథ్యం అక్కర్లేదని నేననను. చాలా కావాలి. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో ఆ వాసన వాళ్ల పనికి తగులుతుంది. మన ఊళ్లనే చూద్దాం. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు డబ్లిన్ వెళ్లి బారిస్టరు చదివి వచ్చారు. ఆ చదువుతో కోర్టులో నల్లకోటు వేసుకుని బోలెడు సంపాదించవచ్చు. ఆయన 1922లో గుంటూరులో ఆడపిల్లల చదువు కోసం శారదా నికేతనం పెట్టారు. అంతకు ముందే వితంతు వివాహాల పనిలో దెబ్బలు తిని ఉన్నారు. వితంతువుకి పెళ్లి చేస్తే ఒక ఇల్లు నిలబడుతుంది, చదువు చెబితే ఆవిడే నిలబడుతుంది అన్న లెక్క ఆ పని నుంచే వచ్చి ఉంటుందని నా ఊహ. ఇంకో సంగతి. భార్యాభర్తలిద్దరూ స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లినవాళ్లు. ఆయన పేరు అందరికీ తెలుసు. ఉన్నవ లక్ష్మీబాయమ్మ గారి పేరు చెబితే గుంటూరులోనే చాలామంది తడుముకుంటారు. ఆ రోజుల్లో నాయకత్వ బృందమని ఫొటోల పేజీ వేసి ఉంటే ఆవిడ ఫొటో ఎన్నో వరసలో ఉండేదో!

కృష్ణ దాటి విజయవాడ వెళితే పటమటలో నాస్తిక కేంద్రం ఉంది. గోరా గారు, అంటే గోపరాజు రామచంద్రరావు గారు, వృక్షశాస్త్రంలో ఎం.ఏ. కాలేజీల్లో లెక్చరరు. నాస్తికత్వం వల్ల కాకినాడలో ఆ ఉద్యోగం పోయింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో కేంద్రం మొదలుపెట్టి, 1947లో విజయవాడకు మార్చారు. ఆయన దేవుడు లేడన్న మాటతో మీరు ఏకీభవించకపోవచ్చు, మా ఇంట్లోనూ అందరూ ఏకీభవించరు. నేను చెబుతున్నది ఆ మాట గురించి కాదు. ఆ ఇంట్లో చెప్పే పాఠానికీ చేసే పనికీ మధ్య సందు ఉండేది కాదు. ఆయన భార్య సరస్వతి గోరా గారు గర్భిణిగా ఉండి గ్రహణం చూశారు. ఇప్పటికీ గ్రహణం రోజున కడుపుతో ఉన్నవాళ్లను గదిలోంచి కదలనివ్వని ఇళ్లు మన చుట్టూ ఎన్ని లేవు! వాళ్ల అమ్మాయి చెన్నుపాటి విద్య గారు విజయవాడ నుంచి రెండుసార్లు లోక్‌సభకు వెళ్లారు. 1969లో మొదలైన వాసవ్య మహిళా మండలికి ఆవిడే పెద్ద దిక్కుగా ఉండేవారు.

ఇప్పుడందరూ వాడుతున్న మాట ఒకటుంది, సోషల్ ఇన్నోవేషన్, అంటే సమాజంలో ఉన్న సమస్యకు కొత్త దారి వెతకడం. తెలుగులో సామాజిక ఆవిష్కరణ అంటున్నారు. వినగానే శిలాఫలకం మీద తెర తీస్తున్నట్టుంటుంది. కానీ పని మనకు కొత్తది కాదు. 1935 ప్రాంతంలో గుంటూరు జిల్లా పెదపాలెం వైపు పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి కాలువ వెంట ఊరూరికీ పంపారు. కాలువల మీద పడవలు ఎలాగూ తిరుగుతున్నాయి, జనం ఎలాగూ ఎక్కుతున్నారు, గంటల తరబడి ఊరికే కూర్చుంటున్నారు. అందులో నాలుగు పుస్తకాలు పెడితే పోలా? కాలువ గట్టున పుట్టి పెరిగిన మనిషికి తట్టే ఆలోచన ఇది. పట్నంలో గదిలో కూర్చుని ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా తట్టదు.

ఈ కాలం వాళ్లను చూసినా అంతే. ప్రథమ్ సంస్థ 1995లో ముంబయి బస్తీల్లో మొదలైంది. పెట్టినవాళ్లలో మాధవ్ చవాన్ గారిది రసాయన శాస్త్రం, అమెరికాలో డాక్టరేట్ చేసి వచ్చారు. ఫరీదా లాంబే గారిది సోషల్ వర్క్ కాలేజీ. ఒకరిది కొలిచి చూసే బుద్ధి, ఒకరిది గుమ్మం ముందు నిలబడి పలకరించే అలవాటు. 2005లో వాళ్లు మొదలుపెట్టిన అసర్ సర్వే చూస్తే ఆ రెండూ కనిపిస్తాయి. పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్ల చేతికి ఒక కాగితం ఇస్తారు. అక్షరాలు, మాటలు, ఒక చిన్న పేరా, ఒక కథ. ఎంతవరకు చదవగలిగితే అంతవరకు రాసుకుంటారు. రక్తపరీక్షలాంటిది. మా పిల్లాడు ఐదో తరగతి అని గర్వంగా చెప్పుకునే తల్లి, వాడు రెండో తరగతి కథ చదవలేక తల దించుకోవడం ఎదురుగా చూస్తుంది. ఆ కాగితం చేసినంత పని పెద్ద పెద్ద నివేదికలు చేయలేదని నా అభిప్రాయం.

శాంతా సిన్హా గారు మన నెల్లూరులో పుట్టినవారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం చెప్పారు. తాతగారు మామిడిపూడి వెంకటరంగయ్య గారి పేరు మీద 1981లో ఏర్పడిన ఫౌండేషన్‌తో, వెట్టిలోనూ కూలిలోనూ ఉన్న పిల్లల్ని బడికి తెచ్చే పని నడిపించారు. అంతకు ముందు చాలామంది, పాపం కూలికి పోయే పిల్లలు కదా, వాళ్లకి రాత్రి బడి పెడదాం అనేవారు. ఈవిడ రాజ్యాంగం, హక్కులు చదివి చెప్పిన మనిషి. రాత్రి బడి ఏమిటి, పగటి బడే వాళ్లది, బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నారు. వెనకబడిన పిల్లల్ని శిబిరాల్లో ఉంచి, వయసుకు తగ్గ తరగతికి తయారు చేసి, మామూలు బడిలో చేర్పించారు. 2003లో మెగసెసె అవార్డు, 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు మొదటి అధ్యక్షురాలు. ఇవన్నీ తర్వాత వచ్చినవి. ఫొటో కింద రెండు వాక్యాలు రాయమంటే అందరూ ఇవే రాస్తారు. రాత్రి బడి వద్దన్న వాక్యం ఎవరూ రాయరు.

కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ పెట్టిన రామ్‌జీ రాఘవన్ గారు మా జాతివాడే, బ్యాంకరు. 1999లో మొదలైంది. సైన్సు సామాను వ్యానులో వేసుకుని పల్లె బడులకు తీసుకెళతారు. ఒక్కో బడికీ ఒక ప్రయోగశాల కట్టాలంటే ఎప్పటికయ్యేను? అదే ఒక బండి అయితే వారంలో ఎన్ని బడులు తిరుగుతుంది! ఇది బ్యాంకు మనిషి లెక్క. ఉన్న రూపాయిని ఎక్కువ చేతులు మార్చడమే కదా మా వృత్తి.

కాబట్టి సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చాడని, బ్యాంకు నుంచి వచ్చాడని ఎవరినీ తక్కువగా చూడక్కర్లేదు. ఆ పాత పని ఈ పనిలోకి ఎక్కడ దిగింది అని మాత్రం అడగాలి. మా కుర్రాళ్ల పుస్తకంలో పద్దెనిమిదేళ్ల సాఫ్ట్‌వేర్ ఆయన ఆ కేంద్రాల్లో హాజరు తీరు మార్చాడా, ఏ పిల్ల ఎక్కడ ఆగిపోయిందో చూపించే చిన్న లెక్క తయారు చేశాడా? చేసి ఉంటే కంపెనీ పేరు తీసేసి అది రాయండ్రా అన్నాను. కనుక్కుని చెబుతామన్నారు.

ఇంకో విషయం. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులు ఉండాలి. కమిటీలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఆ కమిటీలు ఎంత బాగా నడుస్తున్నాయన్నది వేరే కథ, దానికి ఇంకో ప్రసంగం కావాలి. కానీ రూలైతే ఉంది. అదే పిల్లల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థల కార్యవర్గాలకు అలాంటి రూలు లేదు. నా సర్వీసులో సంఘాల ఖాతాలు చాలా తెరిచాను. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి అని తీర్మానం తెచ్చేవారు. డాక్టర్లుండేవారు, ప్లీడర్లుండేవారు, మిర్చి యార్డు కమిషన్ వ్యాపారులు ఉండేవారు. ఆ సంఘం కేంద్రంలో చదువుకునే పిల్ల తల్లి కోశాధికారిగా సంతకం పెట్టడం నేను ఒక్కసారీ చూడలేదు. వాళ్లకు చదువు రాదు కదండీ అనేవారు. చదువు రాకపోయినా డ్వాక్రా సంఘాల్లో రూపాయి తేడా రాకుండా లెక్క చూసిన ఆడవాళ్లు అదే కౌంటరుకు అదే రోజు వచ్చేవాళ్లు. ఎవరూ ఆ రెండింటినీ కలిపి చూడలేదు. నేనూ చూడలేదు.

మీరెవరైనా ఏ సంస్థకైనా విరాళం ఇవ్వాలనుకుంటే ఫొటోలు చూడండి, తప్పు లేదు. ఆ తర్వాత చెక్కు మీద ఎవరెవరు సంతకం పెడతారో అడగండి. ఇద్దరూ ఒకే ఇంటివాళ్లయితే కాస్త ఆగండి. పోయిన ఏడాది ఆడిట్ కాగితం అడగండి. చిరాకు పడకుండా ఇస్తే సగం నమ్మొచ్చు. వీలైతే సాయంత్రం ఆరింటికి చెప్పకుండా ఒకసారి కేంద్రానికి వెళ్లండి. నాలాగా పదకొండేళ్లలో నాలుగుసార్లు కాదు.

ఆ కుర్రాళ్లు వెళ్లిపోయిన వారానికి మా సంఘం కార్యదర్శికి ఫోన్ చేసి, నేను తప్పుకుంటానన్నాను. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాడు పాపం. బాగానే ఉంది, నా బదులు కాలనీలోంచి ఒకరిని తీసుకో అన్నాను. రెండు వారాలు నాన్చాడు. చివరికి సర్వసభ్య సమావేశం పెట్టారు. ఇద్దరు పిల్లల్ని మా కేంద్రానికి పంపే ఒకావిడ ఒప్పుకుంది. టిఫిన్ బండి నడుపుతుంది. పదో తరగతి దాకా చదివింది.

బ్యాంకులో సంతకం మార్చడమంటే తెలుసుగా. తీర్మానం నకలు, ఆధార్, పాన్, రెండు ఫొటోలు. ఆవిడతో నేనే వెళ్లాను. నమూనా సంతకం కార్డు ముందు పెడితే, "ఒక్క నిమిషం అన్నయ్యా" అని పక్కనున్న చలానా వెనక్కి తిప్పి నాలుగైదుసార్లు రాసి చూసుకుంది. తర్వాత కార్డు మీద పెట్టింది. నా దగ్గరున్న పాత చెక్కు బుక్కు చేతికి ఇవ్వగానే లోపల ఆకులు లెక్కపెట్టింది. ఒక చెక్కు మీద నా పాత సంతకం ఉంది, ఖాళీ చెక్కు. అది నాకు చూపించి, "ఇదేంటన్నయ్యా, అంకె వేయకుండా సంతకం పెట్టేశారు?" అంది.

ఏం చెప్పను? చింపెయ్యమ్మా అన్నాను. చింపలేదు. క్యాన్సిల్ అని రాయించి, బుక్కులోనే ఉంచింది.

నమస్కారం.